రెండు భాషల బడి నుంచి ఒకే భాష బడికి: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు భాషల్లో పాఠాలు చెప్పే బడిలో చదివిన పిల్లలు, అన్నీ ఒక్క భాషలోనే చెప్పే బడికి మారిన కొత్తలో ఇంట్లో వినిపించే మాట ఒకటే: "బాగా చదివే పిల్లే, ఏమైందో తెలియడం లేదు." ఊరు మారి ఉండొచ్చు, పాత బడిలో పై తరగతులు లేకపోయి ఉండొచ్చు, ఫీజులు భరించలేకపోయి ఉండొచ్చు. కారణం ఏదైనా పిల్లలు పడే అవస్థ దాదాపు ఒకేలా ఉంటుంది. మా అమ్మాయి మూడో తరగతి మధ్యలో ఇలాగే మారింది. ఆ ఏడాది నేను చేసిన పొరపాట్లు, తర్వాత చదివి, టీచర్లతో మాట్లాడి తెలుసుకున్న సంగతులు కలిపి, తోటి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను.

ఇక్కడ "బడి భాష" అంటే కొత్త బడిలో పాఠాలు చెప్పే భాష. "ఆగిన భాష" అంటే పాత బడిలో ఉండి ఇక్కడ లేనిది. చాలామందికి అది ఇంటి భాషే, కొందరికి కాదు.

పాత బడిలో రెండు భాషలూ వచ్చేవి. ఇప్పుడు ఉన్నది వాటిలో ఒకటే. ఇంకా తేలిక కావాలి కదా, ఎందుకింత కష్టపడుతోంది?

పిల్లలకు రెండు భాషలు రావడమంటే ప్రతి విషయమూ రెండు భాషల్లోనూ రావడం కాదు. సైన్సు ఒక భాషలో, లెక్కలు ఇంకో భాషలో నేర్చుకుని ఉంటారు. తడిబట్ట ఎందుకు ఆరుతుందో మీ పాపకు బాగా తెలుసు. నీరు ఆవిరైపోతుందని ఆగిన భాషలో చక్కగా చెబుతుంది. ఆ మాట బడి భాషలో తెలియదు, అంతే. టీచర్‌కి కనబడేది జవాబు రాయని కాగితం మాత్రమే.

ఇంకో సంగతి కూడా ఉంది. పాత బడిలో పాఠాల సమయాన్ని రెండు భాషలూ పంచుకున్నాయి. పక్కన కూర్చున్న పిల్లలు అన్ని గంటలూ బడి భాషనే విన్నారు. ఒక్క భాషలో పదాలు లెక్కపెడితే మీ పాపకు తక్కువ తేలతాయి, రెండూ కలిపి లెక్కపెడితే ఏమీ తక్కువ కాదు. రెండు భాషల మనిషి అంటే ఒక్కో భాష మాత్రమే వచ్చిన ఇద్దరు మనుషులను కలిపి కుట్టినట్టు కాదని ఫ్రాన్స్వా గ్రోజాన్ అనే భాషా శాస్త్రవేత్త 1989లోనే రాశాడు. కొత్త బడి కొలత మాత్రం సగం మనిషినే చూస్తుంది.

నిన్నటిదాకా ముందు బెంచీ పిల్ల ఈ రోజు అర్థం కాక దిక్కులు చూస్తుంది. ఆ బాధ మార్కుల కన్నా పెద్దది. "నీకు తెలిసింది ఎక్కడికీ పోలేదు, దాన్ని చెప్పే మాటలే కొత్తగా కావాలి" అని పాపకు స్పష్టంగా, ఒక్కసారి కాదు, చాలాసార్లు చెప్పండి. మేం అది చెప్పడానికి మూడు నెలలు పట్టింది. అంతవరకూ మా అమ్మాయి తనకు చదువు రాదనే నమ్మింది.

మామూలుగా అవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

మాట్లాడటం తొందరగా వస్తుంది, చదువు భాష నెమ్మదిగా వస్తుంది. కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే విద్యా పరిశోధకుడు 1979లో ఈ రెంటినీ విడదీసి చూపించాడు. ఆటస్థలంలో, క్యాంటీన్లో, స్నేహితులతో మాట్లాడే భాషకు దాదాపు రెండేళ్లు చాలు. పాఠ్యపుస్తకం చదివి అర్థం చేసుకుని, కారణాలు చెప్పి, వ్యాసం రాసే భాషలో తోటివారి స్థాయికి చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు.

ఈ అంకెలు చూసి కంగారు పడకండి. అవి బడి భాషను కొత్తగా మొదలుపెట్టే పిల్లల గురించి. మీ పాప దారిలో కొంత దూరం వచ్చేసింది. ఆగిన భాషలో చదవడం, రాయడం గట్టిగా వచ్చిన పిల్లలు ఇంకా తొందరగా అందుకుంటారు. కథలో ముఖ్యమైనదేదో పట్టుకోవడం, కారణానికీ ఫలితానికీ ముడి పెట్టడం, తెలియని పదాన్ని వాక్యాన్ని బట్టి ఊహించడం ఒక భాషలో నేర్చుకుంటే ఇంకో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది రెండో ఏడాదిలో. అప్పటికి పాప గడగడా మాట్లాడేస్తుంది. అందరూ, మనతో సహా, ఇక భాష సమస్య తీరిపోయిందనుకుంటారు. అప్పుడు పరీక్షలో తక్కువ మార్కులు వస్తే బద్ధకం అనో, శ్రద్ధ లేదనో అనేస్తారు. మాటలు వచ్చినంత మాత్రాన పాఠం భాష వచ్చినట్టు కాదు. పై తరగతికి వెళ్లేకొద్దీ పుస్తకాల భాష కూడా గట్టిపడుతుంది. అందుకే ఇచ్చే సాయం మొదటి ఏడాదితో ఆపేయకండి.

బడి మారకముందు సెలవుల్లో ఏం చేయమంటారు?

కోచింగ్ క్లాసులు వద్దు. అలసిపోయి బడికి వెళ్లడం వల్ల లాభం లేదు. నేనైతే రెండే చేస్తాను. పాత పుస్తకాల్లో పాపకు ఇప్పటికే తెలిసిన పాఠాలు తీసి, వాటిలో ముఖ్యమైన మాటలకు బడి భాషలో ఏమంటారో ఒక నోటుబుక్కులో బొమ్మతో సహా పక్కపక్కనే రాయిస్తాను. ఒక్కో సబ్జెక్టుకు నలభై, యాభై మాటలు చాలు. తెలియని పాఠాల జోలికి వెళ్లను. తెలిసిన విషయానికి కొత్త పేరు నేర్చుకోవడం తేలిక, విషయమూ పేరూ రెండూ కొత్తవైతే బరువు.

రెండోది, క్లాసులో పాప తన కాళ్ల మీద నిలబడటానికి కావలసిన కొన్ని వాక్యాలు నేర్పిస్తాను. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్తారా?" "దీన్ని ఏమంటారు?" "ఇంకొంచెం టైం కావాలి." "నాకు తెలుసు, కానీ ఈ భాషలో చెప్పలేకపోతున్నాను." ఈ చివరి వాక్యం మా అమ్మాయికి ఎంత పనికొచ్చిందో చెప్పలేను. వీలైతే ఒకసారి బడికి తీసుకెళ్లి తరగతి గది, టాయిలెట్, ఆటస్థలం చూపించండి.

ఇంట్లో కూడా బడి భాషలోనే మాట్లాడమని టీచర్ సలహా ఇచ్చారు. మాట్లాడాలా?

వద్దు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇదే చదవండి.

ఆ సలహా మంచి మనసుతోనే ఇస్తారు. ఎక్కువ వింటే ఎక్కువ వస్తుందని ఉద్దేశం. నాకూ అదే చెప్పారు, నేనూ పాటించాను. ఏం జరిగిందంటే, ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాకు ఆ భాష వచ్చు, కానీ అందులో నేను కబుర్లు చెప్పలేను, ఊరుకోబెట్టలేను, నవ్వించలేను. "హోంవర్క్ అయిందా? తిన్నావా? పడుకో" తప్ప మా మధ్య సంభాషణ మిగల్లేదు. బడిలో మాట్లాడలేని పిల్లకు ఇంట్లో కూడా మాట లేకుండా చేశాను. నాలుగు నెలల తర్వాత మానేశాం. మానేసిన రాత్రి మా అమ్మాయి గంటసేపు ఆపకుండా మాట్లాడింది.

పిల్లల బుర్ర పెరిగేది అమ్మానాన్నలు తమకు బాగా వచ్చిన భాషలో లోతుగా మాట్లాడినప్పుడు. "ఎందుకలా అనుకుంటున్నావు? అలా కాకపోతే ఏమయ్యేది?" లాంటి మాటలు మనకు పూర్తిగా వచ్చిన భాషలోనే వస్తాయి. ఆ ఆలోచన ఒకసారి అలవడితే బడి భాషలోకీ నడిచి వెళుతుంది. రెండు భాషలూ పైకి వేరుగా కనిపించినా అడుగున ఒకే పునాది మీద ఉంటాయని కమిన్స్ వాదన. కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వవేత్త ఇంకో తేడా చూపించాడు. ఉన్న భాషను నిలుపుకుంటూ కొత్తది చేర్చుకోవడం ఒకటి, ఉన్నదాన్ని తీసేసి ఆ చోట కొత్తది పెట్టడం ఇంకొకటి. మొదటిది కూడిక, రెండోది తీసివేత. ఇంట్లో భాష మార్చేస్తే మనమే తీసివేత మొదలుపెట్టినట్టు.

రెండు భాషల వల్ల పిల్లల తెలివి మందగిస్తుందనే పాత భయం ఇంకా కొందరిలో ఉంది. 1962లో లాంబర్ట్, ఎలిజబెత్ పీల్ కలిసి మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లలను పరీక్షించినప్పుడు రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలు వెనకబడలేదు సరికదా, చాలా పరీక్షల్లో ముందున్నారు.

టీచర్‌తో వాదన అక్కర్లేదు. "ఇంట్లో పాఠాల గురించి రోజూ మాట్లాడతాం, మా భాషలో. మీరు ఈ వారం చెప్పబోయే పాఠం పేరు ముందుగా చెబితే ఆ విషయం నేను ఇంట్లో వివరించి పంపుతాను" అనండి. చాలామంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక మీ ఇంట్లో సహజంగా బడి భాషే నడుస్తుంటే ఏమీ మార్చకండి. ఈ జవాబు మీకు కాదు.

టీచర్‌కి మొదట్లోనే ఏం చెప్పాలి? ఏం అడగాలి?

ఒక పేజీ రాసి ఇవ్వండి. నోటితో చెప్పింది ముప్పై మంది పిల్లల మధ్య నిలవదు. ఏ సబ్జెక్టు ఏ భాషలో ఎన్ని తరగతులు చదివింది, ఏవి బాగా చేయగలదు, ఏ భాషలో పుస్తకాలు చదువుతుంది అన్నవి రాయండి. పాత బడిలో రాసిన మంచి వ్యాసం ఒకటి, టీచర్ చదవలేకపోయినా సరే, జత చేయండి. పేజీ నిండా రాసిన పిల్ల అని చూడగానే తెలుస్తుంది.

అడగాల్సినవి నాకు తోచినంతలో ఇవి. ముందుగా చెప్పకుండా అందరి ముందూ పైకి చదవమనకండి. రాసేముందు ఆగిన భాషలో చిత్తుప్రతి రాసుకోనివ్వండి. కొత్త పాఠంలోని ముఖ్యమైన మాటలు వారం ముందు ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, జవాబులో విషయానికీ భాషకూ మార్కులు వేరువేరుగా చూడండి. మొక్కకు వెలుతురు ఎందుకు కావాలో సరిగ్గా చెప్పి, వాక్యం తప్పు రాసిన పిల్లకు సైన్సు వచ్చు.

ఇవి అడగడానికి మొహమాటపడకండి. చదువు అనేది పిల్లల సొంత భాష మీద కూడా గౌరవం పెంచాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణంలో ఉంది.

లెక్కల్లో ముందుండేవాడు. లెక్కలకు భాషతో పనేముంది?

చాలా ఉంది. ఎక్కాలు మనం మాటలుగా కంఠస్థం చేస్తాం. ఏడు ఎనిమిదులు ఎంత అంటే లెక్క వేయం, పాడుకున్న పాట లోపలి నుంచి వస్తుంది. ఆ పాట ఒక భాషలో ఉంది. 2001లో ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా సివ్కిన్ అనే ఇద్దరు పరిశోధకులు రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి కొన్ని లెక్కలు ఒక భాషలో నేర్పి, ఇంకో భాషలో అడిగి చూశారు. కచ్చితమైన జవాబు కావలసిన లెక్కలకు ఎక్కువ సమయం పట్టింది. ఉజ్జాయింపుగా చెప్పే లెక్కలకు మాత్రం ఏ తేడా రాలేదు. అంటే సంఖ్య మీద అవగాహన భాష మారినా అలాగే ఉంటుంది, వేగం మాత్రం కొంత పడిపోతుంది.

అందుకే మనసులో ఏ భాషలో లెక్కపెట్టుకున్నా అడ్డు చెప్పకండి. పెద్దయ్యాక కూడా చాలామంది చిన్నప్పటి భాషలోనే లెక్కపెడతారు. ఎక్కాలన్నీ కొత్త భాషలో మళ్లీ బట్టీ పట్టించడం నా దృష్టిలో వృథా. జవాబు చెప్పడానికి అంకెల పేర్లు తడుముకోకుండా వస్తే చాలు. ఫోన్ నంబర్లు, తేదీలు, ఆటలో స్కోరు బడి భాషలో చెప్పించండి, నెల రోజుల్లో అలవాటవుతుంది.

కొన్ని చిక్కులు పైకి కనిపించవు. జర్మన్‌లో 24ని "నాలుగూ ఇరవై" అన్నట్టు ఒకట్లు ముందు పెట్టి పలుకుతారు. అలాంటి భాషకు మారిన పిల్లలు విని రాసేటప్పుడు 42 రాసేస్తారు. ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. భాగహారం వేసే పద్ధతి కూడా దేశానికొక రకం. పాత పద్ధతిలో సరైన జవాబు వస్తుంటే కొన్నాళ్లు అలాగే వేయనివ్వమని అడగండి.

మాటల్లో ఇచ్చే లెక్కలు వేరే సంగతి. అక్కడ తప్పు లెక్కలో ఉండదు, "కన్నా", "మిగిలిన", "ఒక్కొక్కరికి" లాంటి చిన్న మాటల్లో ఉంటుంది. లెక్కను ముందు బొమ్మగా గీయమనండి. బొమ్మ సరిగ్గా వస్తే ప్రశ్న అర్థమైనట్టే.

రెండు నెలలుగా క్లాసులో నోరు విప్పడం లేదు. టెన్షన్‌గా ఉంది.

కొత్త భాషలో మునిగిన పిల్లలు కొన్నాళ్లు వింటూ ఊరుకుంటారు. అది ఖాళీ మౌనం కాదు, లోపల పని జరుగుతూనే ఉంటుంది. చెప్పిన పని చేస్తోందా, నవ్వుతోందా, ఒక్క స్నేహితురాలితో అయినా గుసగుసలాడుతోందా అని టీచర్‌ను అడగండి. అవునంటే ఆగండి. "ఈ రోజు మాట్లాడావా?" అని రోజూ అడగొద్దు. "ఈ రోజు ఏం విన్నావు?" అని అడగండి.

నెలలు గడిచినా ఒక్కరితోనూ మాట్లాడకపోవడం, బాగా వచ్చిన భాషలో పలకరించినా బడిలో బిగుసుకుపోవడం, ఉదయాన్నే కడుపునొప్పి, నిద్రలో ఉలిక్కిపడటం ఉంటే పిల్లల సైకాలజిస్టును కలవండి. ఇంట్లో బాగా మాట్లాడుతూ కొన్నిచోట్ల మాత్రం ఆందోళన వల్ల అసలు మాట్లాడలేని స్థితి ఒకటి ఉంది. అది మొండితనం కాదు, దానికి చికిత్స ఉంది. భాష రాకపోవడం వల్ల వచ్చే మౌనాన్నీ, బడిలో చేరిన మొదటి నెల మౌనాన్నీ వైద్యులు దాని కింద లెక్కించరు.

ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపేస్తోంది. సరిదిద్దాలా?

అక్కర్లేదు. రెండు భాషలు వచ్చినవాళ్లంతా చేసే పనే. పాప కలిపి చెప్పిన వాక్యాన్ని మీరు మామూలుగా ఒక భాషలో తిరిగి అంటే చాలు, ఆ మాట చెవిన పడుతుంది.

ఆగిన భాషను పూర్తిగా మరిచిపోతుందా?

వాడకం పూర్తిగా ఆగిపోతే, చిన్న వయసులో అయితే, మరిచిపోవచ్చు. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లిన 8 మందిని పెద్దయ్యాక పరీక్షించి క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. కొరియన్ వాక్యాలు విని అవి కొరియన్ అని కూడా వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. ఏడేళ్లు మాట్లాడిన భాష పోతుందా అని నేను చాలాసేపు ఆలోచించాను. అయితే ఆనవాళ్లు మిగిలే ఉంటాయని చెప్పే పరిశోధనా ఉంది. ఏడాది వయసు ప్రాంతంలో చైనా నుంచి ఫ్రెంచి కుటుంబాలకు దత్తత వెళ్లిన అమ్మాయిలను మాంట్రియల్‌లో పరీక్షిస్తే, ఒక్క చైనీస్ మాట రాకపోయినా, ఆ స్వరాలు విన్నప్పుడు వాళ్ల మెదడు చైనీస్ వచ్చినవారి మెదడులాగే స్పందించింది. అది 2014 నాటి సంగతి.

ఆగిన భాష ఇంటి భాషే అయితే మాట ఎలాగూ నిలుస్తుంది. ముందు జారిపోయేది చదవడం, రాయడం. రోజూ పదిహేను నిమిషాల కథ చాలు. మొదట మీరు చదవండి, తర్వాత ఒక పేజీ మీరు, ఒక పేజీ తను. తాతయ్యకో అమ్మమ్మకో సందేశం రాయడం, ఆటల నియమాలు రాయడం లాంటివి పెట్టండి. డిక్టేషన్లు, ఎర్రసిరా దిద్దుబాట్లు పెడితే అది రెండో బడి అయిపోతుంది, పిల్లలు పారిపోతారు.

ఆ భాష మీకు రాదు, బడిలోనే నేర్చుకుంది అంటారా? అప్పుడు ఆ భాషకు ఒక మనిషి కావాలి. పాత బడి స్నేహితురాలితో వారానికోసారి వీడియో కాల్, పాత టీచర్‌కి నెలకో ఉత్తరం. యాప్‌ల కన్నా ఎదుటి మనిషి కోసం పిల్లలు భాషను దాచుకుంటారు.

"బడి గేటు దగ్గర మన భాషలో మాట్లాడకు" అంటున్నాడు. మనసు చివుక్కుమంది.

వాడికి మీరంటే సిగ్గు కాదు. గుంపులో వేరుగా కనబడటం భయం. గేటు దగ్గర వాడి మాట వినండి, తలూపి చేయి పట్టుకుని నడవండి. మలుపు తిరిగాక మీ భాషలో మొదలుపెట్టండి. ఎవరైనా వెక్కిరించారేమో మాత్రం నిదానంగా కనుక్కోండి. వెక్కిరింపు ఉంటే అది మీ ఇంట్లో తేలేది కాదు, బడితో మాట్లాడాలి. వాడు బదులు బడి భాషలో చెప్పినా మీరు మీ భాషలోనే కొనసాగించండి, బలవంతపెట్టకండి.

ట్యూషన్ పెట్టించమంటారా?

భాష కోసం అయితే, వారానికి రెండుసార్లు, పాఠం ముందుగా పరిచయం చేసే ట్యూషన్ మేలు. అయిపోయిన పాఠాన్ని రాత్రి తొమ్మిదింటికి మళ్లీ చదివించేది మానేయండి. రోజంతా పరాయి మాటలు వింటూ గడిపిన పిల్లలు మనం ఊహించే దానికన్నా ఎక్కువ అలసిపోతారు. ఇంటికి రాగానే గంటసేపు ఏమీ అడగకుండా వదిలేయండి.

ఇది భాష వల్ల వచ్చినదా, చదువులోనే ఏదైనా లోపమా? ఎలా తెలుస్తుంది?

రెండు భాషల్లోనూ చూడాలి. అక్షరాలు పట్టుకోవడంలో ఇబ్బంది నిజంగా ఉంటే అది ఒక్క భాషకు పరిమితం కాదు, పాత బడిలోనూ జాడ ఉండే ఉంటుంది. ఆగిన భాషలో ధారాళంగా చదివి కథ తిరిగి చెప్పగలిగితే అది చాలావరకు భాష మార్పు వల్లే. ఒక చిన్న మినహాయింపు ఉంది. తెలుగులాంటి లిపిలో పలికినట్టే రాస్తాం, కాబట్టి తేలికపాటి ఇబ్బంది బయటపడకపోవచ్చు. ఇంగ్లీషులాగా రాతకూ పలుకుబడికీ పొంతన తక్కువ ఉన్న భాషకు వచ్చాక కనబడుతుంది. ముందు వినికిడి, చూపు పరీక్ష చేయించండి. నిపుణుల దగ్గరికి వెళ్తే రెండు భాషల్లోనూ పరీక్షించమని అడగండి. బడి భాషలో మాత్రమే పెట్టిన పరీక్ష మీద తీర్పు ఒప్పుకోకండి.

ఒక తరగతి వెనక్కి వేస్తామంటున్నారు.

కారణం భాష ఒక్కటే అయితే నేను ఒప్పుకోను. తెలిసిన విషయాలే మళ్లీ వింటూ, తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చుంటే భాష రావడం అటుంచి బడి మీద ఇష్టం పోతుంది. వయసు పిల్లలతోనే ఉంచి భాష సాయం పెంచమని అడగండి. ఏడాది మధ్యలో చేరి, పాత బడి సిలబస్ బాగా వెనకబడి ఉంటే మాత్రం ఆలోచించవచ్చు.

తమ్ముడు నెలలో కలిసిపోయాడు. అక్క ఇంకా ఏడుస్తోంది. పోల్చకూడదని తెలుసు, కానీ ఎందుకిలా?

ఒకటో తరగతి వాడికి కావలసిన భాష కొంచెమే. బొమ్మలు, పాటలు, ఆటలతో రోజు గడిచిపోతుంది. ఆరో తరగతి పిల్లకు చరిత్ర పాఠం ఎదురవుతుంది, స్నేహాలన్నీ మాటల మీదే నడుస్తాయి, పైగా తను ఏం పోగొట్టుకుందో తనకు తెలుసు. కానీ చదవడం, రాయడం వచ్చిన వయసు కాబట్టి ఆగిన భాష అక్క దగ్గరే నిలిచే అవకాశం ఎక్కువ, తమ్ముడి దగ్గర తొందరగా జారిపోతుంది. వాడు అక్క ఉచ్చారణను సరిదిద్దడం మొదలుపెడితే అక్కడే ఆపండి. పడుకునేముందు వాడికి ఆగిన భాషలో కథ చదివి వినిపించే పని అక్కకు అప్పజెప్పండి. ఆ అరగంట ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి తనే.